డబ్బా దొరలు

అందరికీ అన్న మాట మా మేడలో ఎవరికీ నచ్చలేదు.

బడిలో చదివే పిల్లలందరికీ ఇకనుంచి మధ్యాహ్నం భోజనం ఉచితమని తెలిసిన సాయంత్రం, ఇంటి ఓనరు మెట్ల మలుపులో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ ఆపి ఒకటే అడిగాడు.

"విన్నారా? అందరికీనట!"

"విన్నామండీ" అంది కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ, నోట్లో గుండుసూదులు తియ్యకుండానే.

"అంటే మా మనవరాలికీ పెడతారన్నమాట!" అన్నాడు ఓనరు. ఆ పిల్లని ఎవరో నడివీధిలో తిట్టిపోయినట్టుంది ఆయన ముఖం.

అంతకుముందు ఆ బడిలో పేదవాళ్ళమని రుజువు చేసుకున్నవాళ్ళ పిల్లలకే తిండి పెట్టేవారు. అప్పుడు మా మేడలో ఎవరికీ ఏ బాధా లేదు. "పాపం, పెట్టాలండీ" అని ఓనరే అనేవాడు. ఆ పాపం అన్న మాట అనడంలో ఆయనకి భోజనం చేసినంత తృప్తి. ఇప్పుడు ఆ పాపం జాబితాలోంచి జారి వచ్చి ఆయన సొంత మనవరాలి మీద పడింది.

ఉచితం అన్నందుకు కాదు వీళ్ళ కోపం. తమ ఒక్కరికే ఊరికే దొరికితే దాన్ని వీళ్ళు మర్యాద అంటారు. ఎదుటివాడికే దొరికితే జాలి అంటారు. ఇద్దరికీ ఒకే గరిటెతో వడ్డిస్తే మాత్రం పరువు పోయిందంటారు. మనుషుల్ని ఇలా చూడడం నాకు పాత అలవాటు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని నాది. పొద్దస్తమానం జోడు తీసిన ముఖాల్నే చూస్తాను. జోడు తీసిన మనిషికి తాను ఎలా కనిపిస్తున్నాడో తనకి కనబడదు. ఆ కాసేపూ అసలు ముఖం బయటకొస్తుంది. నాకు అందరూ ఎప్పుడూ అలాగే కనబడతారు. అందుకే నాకు స్నేహితులు లేరు, పెళ్ళి లేదు. మూడో అంతస్తులో అన్నయ్య వాటా, అందులో ముందు గది నాది.

అన్నయ్యకి ఒకప్పుడు రంగుల దుకాణం ఉండేది. మూతపడింది. ఇప్పుడు ఒక సంచీ భుజాన వేసుకుని ఎవరివో సరుకులు గుమ్మం గుమ్మం తిరిగి అమ్ముతున్నాడు. దాన్ని ఇంట్లో "అన్నయ్యగారి వ్యాపారం" అంటారు. వాళ్ళకి ఒక్కతే కూతురు. మనిషి సన్నం, గొంతు మాత్రం గట్టి. అందుకే దాన్ని పిట్ట అంటాం. దుకాణం మూసేశాక పిట్టని ఫీజులు కట్టే బడిలోంచి తీసి వీధి చివరున్న ఈ సర్కారు బడిలో వేశారు. వదిన మాత్రం "ఇంటికి దగ్గరని మార్పించాం" అని చెప్పేది. ఎవరూ అడక్కపోయినా చెప్పేది.

ఆ రోజు రాత్రి కంచాల ముందు ఈ విషయమే వచ్చింది.

"అమ్మా, రేపట్నుంచి బళ్ళోనే తింటాం అందరం" అంది పిట్ట.

"అందరూ తింటే తిననీ. నీకు డబ్బా కడతాను" అంది వదిన.

"ఎందుకూ? ఊరికేనే పెడతారు!"

"అందుకే." వదిన గరిటె గిన్నె అంచుకి కొట్టింది. "ఊరికే పెడితే తినే గతి మనకింకా పట్టలేదు. ఏమండీ, మీరు మాట్లాడరేం?"

అన్నయ్య ముద్ద మింగాడు. "మీ అమ్మ చెప్పింది వినమ్మా. మన ఇంట్లో పిల్ల లైన్లో నిలబడ్డం ఏంటి, బాగోదు" అన్నాడు. రోజంతా ఇంటింటి గుమ్మాల ముందు నిలబడి వచ్చిన మనిషి అన్న మాట అది. నేను తల వంచుకుని నవ్వుకున్నాను.

"నువ్వు తినవా వదినా?" అన్నాను, ఆమె ముందు కంచం లేకపోవడం చూసి.

"నేను ఇందాకే తిన్నాను" అంది. ఈ మధ్య ఎప్పుడడిగినా తినేశానంటుంది. కడుపు నిండిందని చెప్పుకోవడం కూడా ఆమెకి ఒక డాబు అనుకున్నాను.

మర్నాటి నుంచి డబ్బా ఊరేగింపు మొదలైంది. అది పాత బడి రోజుల నాటి స్టీలు డబ్బా. మూత మీద ఒక సొట్ట, పక్కన ఆ బడి బొమ్మ అచ్చు. ఆ బొమ్మ వీధి వైపుకి కనబడేలా పిట్ట చేతికి ఎలా పట్టుకోవాలో వదిన చూపించి మరీ ఇచ్చేది. మెట్లు దిగుతుంటే ఓనరు మనవరాలి చేతిలో డబ్బా, బట్టలు కుట్టే ఆవిడ కూతురి చేతిలో డబ్బా. పెద్దవాళ్ళు గుమ్మాల్లో నిలబడి ఒకరి డబ్బా ఒకరు చూసుకునేవారు. ఏ ఇంటి పిల్ల డబ్బా లేకుండా వెళ్తే ఆ ఇంట్లో పొయ్యి ఆరిపోయిందని లెక్క. అందరికీ అన్నం పెట్టి తేడా లేకుండా చేద్దామని ఎవరో అనుకున్నారు. మా మేడ తెల్లారేసరికి కొత్త తేడా తయారుచేసి పిల్లల చేతికిచ్చింది.

కొన్నాళ్ళకి పిట్ట పొద్దున్నే నా వెంటపడడం మొదలుపెట్టింది. నేను దుకాణానికి వెళ్ళే దారీ, దాని బడి దారీ వీధి మూల దాకా ఒకటే.

"బాబాయ్, మమ్మల్నేమంటారో తెలుసా?"

"ఎవరిని?"

"డబ్బా తెచ్చుకునేవాళ్ళని. డబ్బా దొరలు అంటారు. నేను డబ్బా దొరసాని."

"బాగుందే. బిరుదు."

"ఏం బాగుంది! అందరూ లోపల బల్లల మీద కూర్చుంటారు. డబ్బావాళ్ళు వరండా చివర చెప్పుల పక్కన కూర్చోవాలి. లోపల చోటు బడి భోజనం తినేవాళ్ళకేనంట." దాని గొంతు పల్చబడింది. "లోపల వేడి వేడిగా పెడతారు బాబాయ్. కావాలంటే రెండోసారి కూడా వేస్తారు. నాకు మూడో పీరియడ్‌కే ఆకలేస్తుంది. డబ్బాలోది అయిపోయాక కూడా ఆకలేస్తుంది."

"మీ అమ్మకి చెప్పు."

"చెప్తే ఇంకో రొట్టె పెడుతుంది. పెట్టి, నావైపు అదోలా చూస్తుంది."

ఆ చూపు నాకు తెలుసు. దుకాణంలో ఖరీదైన ఫ్రేము చేతిలోకి తీసుకుని, వెల అడగకుండా కింద పెట్టేసేవాళ్ళు చూస్తారు అలా.

నాకు పిల్లలంటే పెద్దగా ఇష్టం లేదు. కానీ ఆకలిగా ఉన్న పిల్లని పరువనే బొమ్మ అచ్చేసిన డబ్బాతో చెప్పుల పక్కన కూర్చోబెట్టడం చూస్తే ఒళ్ళు మండింది. వదినతో వాదించే ఓపిక నాకు లేదు. వాదిస్తే నెగ్గేది ఆమే. ఆమె దగ్గర కన్నీళ్ళున్నాయి, నా దగ్గర వెటకారం తప్ప ఏమీ లేదు. అందుకని వీధి మూల దగ్గర ఆగి చెయ్యి చాపాను.

"ఇలా ఇవ్వు."

"ఏంటి?"

"డబ్బా. నేను దుకాణంలో తినేస్తా. నువ్వు లోపల కూర్చుని తిను. సాయంత్రం ఖాళీ డబ్బా ఇక్కడే ఇస్తాను."

పిట్ట నన్ను పైనుంచి కిందికి చూసింది. "అమ్మకి తెలిస్తే?"

"డబ్బా వెళ్ళింది, ఖాళీగా వచ్చింది. మీ అమ్మకి కావలసింది అంతే."

"మరి నువ్వు అంతా తినాలి. మిగిల్చావనుకో, ఎందుకు మిగిల్చావని నన్ను అడుగుతుంది."

"అంతా తింటాను. ఆ బాధ్యత నాది."

అలా మా ఇంటి పరువుని రోజూ మధ్యాహ్నం నేను తినడం మొదలుపెట్టాను.

నిజం చెప్పాలంటే, పరువు రుచిగా ఉండేది. రెండు మెత్తటి రొట్టెలు, బంగాళాదుంప కూర, దాని మీద ఉడకబెట్టి సగానికి కోసిన గుడ్డు. ఇంట్లో నా కంచంలో గుడ్డు కనబడక చాలా కాలమైంది. ఇంత డాబుగా డబ్బా కట్టగలిగినావిడ మరిదికి మాత్రం చారు నీళ్ళు పోస్తుందన్నమాట అనుకుని, ఆ గుడ్డుని కసిగా నమిలేవాణ్ణి. నా వాటా నాకు దొడ్డిదారిన వస్తోందని లోలోపల న్యాయం కూడా చెప్పుకున్నాను. మనసుకి తిండి దొరికితే చాలు, దాని పక్కన న్యాయం తనంతట తనే వండుకుంటుంది.

పిట్ట బుగ్గలు కొంచెం నిండాయి. సాయంత్రం మూల దగ్గర డబ్బా అందుకుంటూ కబుర్లు చెప్పేది. ఇవాళ పప్పులో నిమ్మకాయ పిండారు. ఇవాళ అరటిపండు ఇచ్చారు. ఇవాళ వంటావిడ "ఏమే దొరసానీ, డబ్బా తాకట్టు పెట్టావా?" అందట, అందరూ నవ్వారట, తనూ నవ్విందట.

"నీకేడుపు రాలేదా?"

"లోపల కూర్చుని ఎలా ఏడుస్తాం బాబాయ్? పక్కన వాళ్ళ మోచేతులు తగుల్తుంటాయి."

ఇంట్లో వదిన ఖాళీ డబ్బా మూత తీసి, లోపలికి చూసి, సంతోషపడేది. "చూశారా, డబ్బా కడితే ఎంత శుభ్రంగా తింటోందో. ఒళ్ళు కూడా చేసింది" అనేది అన్నయ్యతో. అన్నయ్య తల ఊపేవాడు. అతను మధ్యాహ్నం బయట తింటానంటాడు. ఎక్కడ తింటాడని నేనెప్పుడూ అడగలేదు. పిట్ట నావైపు చూడకుండా కళ్ళు దించుకునేది. ఆ పిల్లకి అబద్ధం ఇంత నున్నగా ఒంటబట్టడం చూసి నాకు కొంచెం గర్వం కూడా వేసింది. ఒక ఇంట్లో తెలివైనవాడు ఒకడుంటే చాలనీ, మిగతావాళ్ళ మూర్ఖత్వాన్ని వాడే సర్దేస్తాడనీ అనుకున్నాను. ఆ తెలివైనవాడు ఎవడో వేరే చెప్పక్కర్లేదు.

ఒక రోజు దుకాణంలో పని మొదలుపెట్టాక చూసుకుంటే, కంటికి తగిలించుకునే నా చిన్న భూతద్దం ఇంట్లో మర్చిపోయాను. అది లేకపోతే సన్నటి మరలు కనబడవు. ఆ పూట ఇవ్వాల్సిన జోళ్ళు చాలా ఉన్నాయి. మధ్యాహ్నం భోజనానికి లేచే వేళకి సంచీ భుజానికి తగిలించుకుని ఇంటికి బయల్దేరాను. డబ్బా సంచీలోనే ఉంది. తిరిగొచ్చాక తిందామనుకున్నాను.

నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని వెళ్ళాను. మధ్యాహ్నం పూట మా ఇల్లు నేనెప్పుడూ చూడలేదు. ఎవరూ లేని వేళ గదులు కూడా జోడు తీసిన ముఖాల్లా ఉంటాయి. వంటింట్లోంచి చెంచాతో గీకుతున్న చప్పుడు వస్తోంది. ఆగి ఆగి, ఓపిగ్గా.

వెళ్ళి చూశాను. వదిన నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పొద్దుటి అన్నం వండిన గిన్నె. అడుగంటిన మాడుని చెంచాతో గీకుతోంది. పక్కన గ్లాసులో నీళ్ళు. గీకింది నోట్లో వేసుకోవడం, నీళ్ళు తాగడం, మళ్ళీ గీకడం.

నన్ను చూసి ఉలిక్కిపడి గిన్నె మీద మూత పెట్టేసింది. పెట్టి లేచి నిలబడింది.

"గిన్నె తోముదామని నానబెట్టాను" అంది. నేనేమీ అడగలేదు.

"భూతద్దం మర్చిపోయాను."

"నీ కిటికీలో ఉంది. పొద్దున్న చూశాను." ముక్కు ఎగబీల్చింది. "ఏదో కారినట్టుంది. నూనె వాసన."

సంచీ అడుగున మరక. కూరలో నూనె కారి, గుడ్డ తడిసి, బొట్టు బొట్టుగా నేల మీద పడుతోంది. నేను సంచీని వెనక్కి తిప్పుకున్నాను. పిల్లలు దొంగతనం చేసినప్పుడు చేసే పనే అది. ఇంకెవరైనా అలా చేస్తే దాని గురించి ఒక పూట ఆలోచించి ఉండేవాణ్ణి.

వదిన వచ్చి సంచీలో చెయ్యి పెట్టి డబ్బా పైకి తీసింది. మూత మీద సొట్ట. పక్కన బడి బొమ్మ.

చాలాసేపు దాన్నే చూసింది. నేను గోడకున్న మేకుని చూశాను.

"అది బడికి వెళ్ళలేదా?" అంది ముందు. గొంతులో భయం.

"వెళ్ళింది. బళ్ళోనే తింటోంది. నేనే తినమన్నాను. దానికి డబ్బా సరిపోవట్లేదు వదినా, ఆకలేస్తోందంది. చెప్పుల పక్కన కూర్చోబెడుతున్నారు…"

"ఎన్నాళ్ళ నుంచి?"

"చాలా రోజులైంది."

"రోజూ నువ్వే తింటున్నావా?"

"ఊఁ."

వదిన మూత తీసింది. రొట్టెలు, కూర, సగానికి కోసిన గుడ్డు. అప్పుడు నాకు అర్థమైంది. గీకిన గిన్నె నా కాళ్ళ దగ్గరే ఉంది. తెలివి నాకు ఎప్పుడూ ఇంత ఆలస్యంగా రాలేదు. ఆ డబ్బాలోది పిట్ట వాటా ఒక్కటే కాదు. ఆమె ఎవరికీ చెప్పకుండా తన కంచంలోది దాని డబ్బాలోకి దించుతోంది. 'ఇందాకే తిన్నాను' అన్నది డాబు కాదు. పిల్ల తింటోంది కదా అని ఆమె మాడుతుంటే, పిల్ల బళ్ళో తింటుంటే, దుకాణం వెనక స్టూలు మీద కూర్చుని ఆమె మధ్యాహ్నాన్ని నేను కసిగా నమిలాను.

"గుడ్డు ఎలా ఉండేది?" అంది వదిన.

"వదినా…"

"కాదు, చెప్పు. రోజూ తిన్నావు కదా. ఉప్పు సరిపోయేదా? దానికి మిరియం ఘాటు పడదని తగ్గించేదాన్ని. నీకు చప్పగా ఉండి ఉంటుంది."

"నాకు తెలీదు వదినా."

"నీకు తెలీనిది కూడా ఉందా? ఎదుటివాళ్ళ కడుపులో ఏముందో చూడగానే చెప్పేస్తావు కదా నువ్వు. మీ అన్నయ్య అంటుంటారు, వాడి కళ్ళల్లో కళ్ళు పెట్టి మాట్లాడాలంటే భయమేస్తుందని." ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎక్కడిదో నేను వెంటనే గుర్తుపట్టాను. అది నాదే. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి నా దగ్గర నేర్చుకుంది. నాకంటే బాగా నవ్వుతుందని నాకు తెలీదు.

"నువ్వే చెప్పి ఉండొచ్చు కదా" అన్నాను చేతకాని కోపంతో. "ఇంట్లో లేదని చెప్తే…"

"చెప్తే ఏం చేసేవాడివి? నవ్వుకునేవాడివి, తల వంచుకుని."

ఆమె చూడలేదనుకున్న ప్రతిసారీ చూసిందన్నమాట.

వదిన డబ్బా పట్టుకుని మళ్ళీ నేల మీద కూర్చుంది. రొట్టె తుంచింది. కూర నంజుకుని నోట్లో పెట్టుకుంది. నన్ను వెళ్ళమనలేదు, ఉండమనలేదు. నెమ్మదిగా, ఒక్కో ముద్దా నములుతూ తింది. మధ్యలో ఒకసారి కూరలో ఉప్పు తక్కువైందని తనలో తను అనుకుంది. గుడ్డు చివరికి దాచుకుంది. అది తినేటప్పుడు కళ్ళు మూసుకుంది. నేను బాకీపడ్డవాడిలా నిలబడి చూశాను.

వేళ్ళు తుడుచుకుని అడిగింది. "అక్కడ దాని కడుపు నిండుతోందా?"

"నిండుతోంది. రెండోసారి కూడా పెట్టించుకుంటుందట."

"ఏం పెడుతున్నారు?"

"పప్పు. కూర. అరటిపండు. పప్పులో నిమ్మకాయ పిండుతారట."

"నిమ్మకాయా?" డబ్బాకి మూత పెట్టింది. "దానికి పులుపు ఇష్టం." అంతే. అంతకు మించి బడిని మెచ్చుకోలేకపోయింది.

"ఇక డబ్బా మానెయ్ వదినా. అది బళ్ళో తింటుంది, నువ్వు ఇంట్లో తిను" అన్నాను. ఈ ముక్క అనగానే నా ప్రాణం తేలికపడింది. ఆకలి తీరే దారి దొరికాక మనిషి దాన్ని కాదనడనుకున్నాను.

వదిన నన్ను వింతగా చూసింది. "డబ్బా లేకుండా మెట్లు దిగితే ఓనరుగారు ఏమనుకుంటారు?"

"ఏమైనా అనుకోనీ!"

"నీకేం, ఒంటిగాడివి. నిన్నెవరూ ఏమీ అనుకోరు." డబ్బా తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టి తోమడం మొదలుపెట్టింది. బొమ్మ ఉన్న పక్క మరీ శ్రద్ధగా తోమింది. "నేను తింటాను. అది బళ్ళోనే తింటుంది. మీ అన్నయ్యకి మాత్రం చెప్పకు. డబ్బా వెళ్తుంది."

"ఖాళీదా?"

"వీధికి మూతే కదా కనబడేది."

మర్నాడు పొద్దున నేను కిటికీ దగ్గర నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. వదిన ఖాళీ డబ్బాలో చెంచా పెట్టింది. ఎత్తి ఊపి చూసింది. గలగలమంది. చెంచా తీసి పాత గుడ్డముక్కలో చుట్టి మళ్ళీ పెట్టింది. ఈసారి చప్పుడు లేదు. పిట్టని పిలిచి చేతికిచ్చింది. పిట్ట డబ్బా బరువు చూసింది. నావైపు చూసింది, తల్లి వైపు చూసింది.

"నిమ్మకాయ ఎక్కువ పిండించుకోకు. పళ్ళు పులుస్తాయి" అంది వదిన, దాని జడ సర్దుతూ.

పిట్ట తల్లి నడుం ఒక్కసారి గట్టిగా పట్టుకుని వదిలేసింది.

ముగ్గురం మెట్లు దిగాం. కింద ఓనరు మనవరాలు అప్పుడే గుమ్మం దాటుతోంది. ఆ పిల్ల నడుస్తుంటే చేతిలో డబ్బా గలగలమని మోగింది. ఏ అడ్డూ లేకుండా చెంచా గోడ నుంచి గోడకి కొట్టుకుంటున్న చప్పుడు. బట్టలు కుట్టే ఆవిడ గుమ్మంలోంచి తల పైకెత్తింది. ఆవిడ కూతురి డబ్బా మోగలేదు. ఆ ఇంట్లో గుడ్డముక్కలకి కొదవ లేదు.

ఓనరు గట్టిగా దగ్గాడు. వదిన ఆయన వైపు చూసింది. ఆయన పిట్ట చేతిలో డబ్బా వైపు చూశాడు.

"ఏం కట్టారమ్మా ఇవాళ?" అన్నాడు.

"వేపుడండీ. మీరో?"

"మేమూ వేపుడేనమ్మా. పిల్లకి బయటి తిండి పడదు కదా."

"అవునండీ. ఎవరు పడితే వాళ్ళు వండింది ఎలా పెడతాం!"

నవ్వుదామని తల వంచుకున్నాను. వదిన చూస్తుందేమోనని ఎత్తేశాను.

పిట్ట అప్పటికే వీధిలోకి పరిగెత్తింది. డబ్బాని గిరగిరా తిప్పుతూ, బొమ్మ ఏ వైపుందో చూసుకోకుండా, ఓనరు మనవరాల్ని అందుకోడానికి పోతోంది. వదిన గుమ్మంలో నిలబడి, పక్కిళ్ళ కిటికీలన్నిటికీ వినబడేలా కేక వేసింది.

"మెల్లగా పట్టుకోవే! కూర ఒలికిపోతుంది!"

పిట్ట టక్కున ఆగింది. డబ్బాని రెండు చేతులతో, వంగకుండా, నిండుగిన్నెని పట్టుకున్నట్టు పట్టుకుంది. వీధి మూల తిరిగేదాకా అలాగే నడిచింది.